పాలమూరులో పియానో ట్రయో కచేరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

పుష్యమాసంలో ఒక ఆదివారం సాయంత్రం 6 గంటలకు మహబూబ్‌నగర్‌లో మేం కొందరు మిత్రులం కలిసి పెడుతున్న కచేరీ గురించి ఫోన్లలో, వాట్సాప్‌లో, బజార్లో ఎదురుపడ్డప్పుడు అందరూ అడుగుతున్న ప్రశ్నలివి. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబు సరిపోతుంది. మైకు గురించి అడిగినదానికి మాత్రం సరిపోదు.

ట్రయో అంటే ముగ్గురు కలిసి పియానో వాయించడమా?

పియానో ఒక్కటే ఉంటుంది. దాంతో పాటు ఒక వయొలిన్, ఒక చెల్లో. ఈ ముగ్గురి జట్టును ట్రయో అంటారు, వాళ్ల కోసం రాసిన రచనకూ అదే పేరు. చెల్లో అంటే మోకాళ్ల మధ్య పెట్టుకుని, కింద ఉన్న ఇనుప ముల్లును నేలకు ఆనించి వాయించే పెద్ద తీగల వాద్యం. ఇళయరాజా పాటల్లో తీగల వాద్యాలను శ్రద్ధగా విన్నవాళ్లకు ఆ శబ్దం కొత్తదేమీ కాదు, పేరే కొత్త.

దీన్ని ఛాంబర్ మ్యూజిక్ అంటారు. ఒక గదిలో కొద్దిమంది ముందు వాయించుకోవడానికి రాసిన సంగీతం. ఆర్కెస్ట్రాలో, అంటే పెద్ద వాద్యబృందంలో, పది పదిహేను వయొలిన్లు ఒకే స్వరాన్ని పలికిస్తున్నప్పుడు ఒకరు తడబడినా బయటపడదు. ఇక్కడ ఎవరి భాగం వాళ్లదే, దాక్కునే చోటు లేదు. ఆస్ట్రియాలోని వియన్నాలో దీన్ని పోషించింది ప్రభువుల ఇళ్లు. జర్మన్ స్వరకర్త బీథోవెన్ 1795లో అచ్చు వేయించిన తన మొదటి మూడు ట్రయోలను లిఖ్నోవ్‌స్కీ ప్రభువుకు అంకితమిచ్చాడు. గద్వాల సంస్థానం కవులను ఎలా ఆదరించిందో విని పెరిగిన మనవాళ్లకు ఆ పద్ధతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎవరైనా పాడతారా?

లేదు. పాట లేదు, డ్యాన్స్ లేదు, యాంకర్ కూడా లేరు. ఒక్కో రచనకు ముందు మాలో ఒకరు రెండు నిమిషాలు తెలుగులో దాని సంగతి చెబుతారు.

మైకు లేకుండా వెనక కుర్చీల వాళ్లకు ఎలా వినిపిస్తుంది?

అన్నిటికన్నా ఎక్కువ మంది అడిగింది ఇదే. సౌండ్ సర్వీస్ నడిపే తమ్ముడొకరు పైసా తీసుకోకుండా బాక్సులు పెడతానని వచ్చాడు. వద్దంటే కాస్త నొచ్చుకున్నాడు. అతనికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాం.

మైకు పెడితే మూడు వాద్యాల శబ్దమూ స్టేజీకి అటూ ఇటూ ఉన్న బాక్సుల్లోంచే వస్తుంది. ఏ స్వరం ఎవరి దగ్గర్నుంచి లేచిందో చెవికి అందదు. ట్రయోలో మజా అంతా అక్కడే ఉంది. వయొలిన్ ఒకటి ఎత్తుకుంటుంది, చెల్లో దాన్ని అందుకుంటుంది, పియానో అడ్డం తిరుగుతుంది, కాసేపటికి ముగ్గురూ ఒక దారికి వస్తారు. ఎవరు ఎటువైపు కూర్చున్నారో ఆ వైపు నుంచే వినబడితే ఇదంతా కళ్ల ముందు జరుగుతున్నట్టు తెలుస్తుంది. పైగా మిక్సర్ ముందు కూర్చున్న మనిషి చెల్లో తగ్గిందనుకుని దాన్ని పెంచేస్తాడు. అక్కడ ఆ వాయించే మనిషి కావాలనే తగ్గించి ఉంటాడు. ఆ ఎచ్చుతగ్గుల కోసమే వాళ్లు ఏళ్లకేళ్లు సాధన చేస్తారు. వాటిని ఒక మీట తిప్పి చదును చేయడం మాకు ఇష్టం లేదు.

ఇక వినబడే సంగతి. వయొలిన్ తీగ కదలిక, తీగల కింద నిలబెట్టిన బ్రిడ్జి అనే చిన్న చెక్కముక్క మీదుగా పై పలకకు చేరుతుంది, దాంతో బోలుగా ఉన్న చెక్క పెట్టె మొత్తం మోగుతుంది. మన పన్నెండు మెట్ల కిన్నెరకు సొరకాయ బుర్రలు కట్టేదీ ఇందుకే. నాగర్‌కర్నూల్ జిల్లా మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ తెచ్చిపెట్టిన ఆ కిన్నెర, మైకులు రాకముందు నుంచే ఊరూరా తిరిగి జనానికి కథలు వినిపించింది. పియానోలో అయితే తీగల కింద సౌండ్‌బోర్డ్ అనే పెద్ద చెక్క పలక ఉంటుంది. పై మూతను కర్రతో ఎత్తి నిలబెడితే శబ్దం దానికి తగిలి జనం వైపు మళ్లుతుంది.

హాలు కూడా చూసే ఎంచుకున్నాం. పాత కట్టడం, ఎత్తైన కప్పు, కింద షాబాదు బండలు. ఖాళీగా ఉన్నప్పుడు లోపల ఒక్క చప్పట్టు కొడితే ఆ శబ్దం గోడల మధ్య కాసేపు తిరుగుతూనే ఉంటుంది. మనుషులు నిండితే ఆ ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది, మిగిలిన దాని కోసం వెనక గోడకు జంపఖానాలు వేలాడదీస్తున్నాం. కుర్చీలు 150 మాత్రమే వేస్తున్నాం.

మొదటి రెండు మూడు నిమిషాలు శబ్దం తక్కువగా అనిపిస్తుంది. ఫంక్షన్ హాలు డీజేలకు అలవాటుపడ్డ చెవులు మనవి. కాస్త ఓపిక పట్టండి, చెవి దానంతటదే సర్దుకుంటుంది.

పుష్యమాసం మంచిది కాదంటారు. అప్పుడే ఎందుకు పెట్టారు?

పెళ్లిళ్లకు మంచిది కాదు కాబట్టే మాకు మంచిది. ముహూర్తాలు లేకపోతే బారాత్‌లు లేవు, హాలు ముందు నుంచి డీజే బండి వెళ్లదు. చలికాలం కావడంతో ఫ్యాన్లు ఆపేయొచ్చు. మే నెలలో పాలమూరు ఎండకు ఫ్యాన్లు ఆపి 150 మందిని కూర్చోబెడితే ఏమవుతుందో మీకు తెలుసు. ఫ్యాన్ల చప్పుడు మామూలుగా మనం పట్టించుకోం. కానీ ఈ కచేరీలో కొన్ని చోట్ల సంగీతం ఆ చప్పుడు కన్నా మెల్లగా ఉంటుంది.

కరెంటు పోతే?

వాయించడం ఆగదు. పియానోకు కరెంటు అక్కర్లేదు. నొటేషన్ స్టాండ్లకు బ్యాటరీ లైట్లు పెడుతున్నాం. జనరేటర్ మాత్రం వేయం, దాని గోల భరించలేం.

ఏమేం వాయిస్తారు?

అయిదు రచనలు. రెండు పాతవి, ఇరవయ్యో శతాబ్దం మధ్యలోది ఒకటి, మన కాలానివి రెండు.

మొదటిది ఆస్ట్రియా స్వరకర్త హైడెన్ 1795లో రాసిన జీ మేజర్ ట్రయో (మేజర్, మైనర్ అన్నవి స్వరాల వరసల పేర్లు, కింద రాగాల ప్రశ్న దగ్గర చెప్పాం). చివరి భాగం హంగేరీ జిప్సీల బాణీలో పరుగెత్తుతుంది కాబట్టి జిప్సీ ట్రయో అని పేరుపడింది. ఆ రోజుల్లో ఇలాంటి రచనలను వయొలిన్, చెల్లోల సహకారంతో వాయించే పియానో సొనాటాలు (కొన్ని భాగాలుగా ఉండే వాద్య రచనలు) అని చెప్పి అమ్మేవారు. అప్పటి పియానోల్లో కింది స్వరాలకు బలం చాలేది కాదు. అందుకని చెల్లో చాలాసేపు పియానో ఎడమ చేతి వెంటే నడుస్తుంది. వయొలిన్‌కు ఇంకాస్త స్వేచ్ఛ ఉన్నా, పెత్తనం పియానోదే. అంటే మన కచేరీలో గాయకుడి పక్కన కూర్చున్నట్టే అక్కడా వయొలిన్ మొదట్లో పక్కవాద్యమే.

రెండోది బీథోవెన్ 1808లో రాసిన డీ మేజర్ ట్రయో, ఓపస్ 70 అనే సంఖ్య కింద అచ్చయిన వాటిలో మొదటిది. పదమూడేళ్లలో పక్కవాద్యం అన్న మాటే చెల్లకుండా పోయింది. మొదట్లో ముగ్గురూ ఒకే బాణీని కలిసి పట్టుకుని ఉరుకుతారు, ఉన్నట్టుండి అనుకోని స్వరం మీద ఆగుతారు. ఆ ఆగిన చోటు నుంచి పాటను ముందుకు తీసుకెళ్లేది చెల్లో. హైడెన్ దగ్గర పియానో నీడలో నడిచిన చెల్లోయే. ఈ మార్పును చెవులారా వినడానికే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాం. మీకు ఒక గంటే తీరిక ఉంటే ఈ మొదటి సగానికి రండి.

విరామం తర్వాత మొదటిది ఆర్వో పార్ట్ రచన, మొజార్ట్ అడాజియో. 1935లో ఎస్టోనియాలో పుట్టిన పార్ట్, హైడెన్ కాలపు స్వరకర్త మొజార్ట్ పియానో సొనాటాలోని నెమ్మదైన భాగాన్ని తీసుకుని, 1990లో చనిపోయిన వయొలిన్ విద్వాంసుడు ఒలెగ్ కాగన్ జ్ఞాపకంగా 1992లో ట్రయోగా మలిచాడు. మొజార్ట్ బాణీ దాదాపు చెక్కుచెదరదు. దాని చుట్టూ కొన్ని స్వరాలు మాత్రం అతకనట్టు వినిపిస్తాయి. అవి పార్ట్ చేర్చినవి. ఆరేడు నిమిషాల్లో అయిపోతుంది.

తర్వాత అమెరికా రచయిత్రి జెన్నిఫర్ హిగ్డన్ 2003లో రాసిన ట్రయో. రెండు భాగాలు. ఒకదాని పేరు లేత పసుపు, రెండోదాని పేరు నిప్పు ఎరుపు. పేర్లకు తగ్గట్టే ఉంటాయి.

ఆఖరిది రష్యా స్వరకర్త షోస్టకోవిచ్ రెండో ట్రయో, ‘ఈ’ అనే స్వరం మీద కట్టిన మైనర్‌లో (E మైనర్). దీని గురించి కింద విడిగా రాశాం.

బీథోవెన్ ట్రయోను దయ్యం ట్రయో అంటున్నారు. పిల్లలు భయపడతారా?

పడరు. ఆ పేరు బీథోవెన్ పెట్టింది కాదు. ఆయన శిష్యుడు కార్ల్ చెర్నీ చాలా ఏళ్ల తర్వాత, రెండో భాగం వింటుంటే హామ్లెట్ నాటకంలో తండ్రి ప్రేతం కనిపించే ఘట్టం గుర్తొస్తుందని రాశాడు. అది పట్టుకుని పేరు స్థిరపడింది. ఆ భాగం చాలా నెమ్మదిగా సాగుతుంది. పియానో కింది స్వరాలు వణుకుతూ ఉంటాయి, తీగలు ముక్కలు ముక్కలుగా పలుకుతాయి. మొదటి, మూడో భాగాలు మాత్రం హుషారుగా ఉంటాయి. మా ఇంట్లో పిల్లలు దయ్యం అనగానే ముందు వరుస కుర్చీలు అడిగారు.

ఆధునికం అంటే గోలగోలగా ఉంటుందేమో?

ఆ భయం ఊరికే పుట్టింది కాదు, అలాంటివీ ఉన్నాయి. మొదటిసారి వినేవాళ్లను తరిమేసేవి మేం పెట్టలేదు. పార్ట్ రచన హైడెన్ కన్నా నిశ్శబ్దంగా ఉంటుంది. హిగ్డన్ రెండో భాగం హోరుగా ఉంటుంది కానీ లయ గట్టిగా పట్టుకుని నడుస్తుంది, ఒగ్గు డోలు వింటూ పెరిగిన చెవికి అది కష్టం కాదు.

షోస్టకోవిచ్‌ది వేరే కథ. 1944లో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా జరుగుతుండగా రాశాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆయన ప్రాణ స్నేహితుడు ఇవాన్ సోలెర్టిన్‌స్కీ చనిపోయాడు, రచన ఆయనకే అంకితం. నవంబరులో లెనిన్‌గ్రాడ్‌లో మొదటిసారి వాయించినప్పుడు పియానో ముందు కూర్చున్నది షోస్టకోవిచే.

మొదలయ్యేటప్పుడు చెల్లో వాయించేవారి ఎడమ చేతిని చూడండి. తీగను పలక మీదికి నొక్కరు, వేలి కొసతో అలా తాకి వదిలేస్తారు. దానివల్ల అసలు స్వరానికి బదులు ఎక్కడో పైన సన్నటి ఈల లాంటి స్వరం పుడుతుంది. అంత పెద్ద వాద్యం అంత సన్నగా పలుకుతుందంటే చూస్తే గానీ నమ్మరు. దాని తర్వాత వచ్చే వయొలిన్ చెల్లో కన్నా కింది స్థాయిలో ఎత్తుకుంటుంది. పియానో ఇంకా కింద. పైన ఉండాల్సింది కింద, కింద ఉండాల్సింది పైన. మనిషి పోయిన ఇల్లు ఎలా తలకిందులవుతుందో చెప్పడానికి ఆయన ఇంతకన్నా ఏమీ చేయలేదు.

మూడో భాగంలో పియానో ఒకే గంభీరమైన కార్డ్‌ల (ఒకేసారి మోగే కొన్ని స్వరాల) వరసను మళ్లీ మళ్లీ మోగిస్తుంది, దాని మీద మిగతా ఇద్దరూ శోకాలు పెట్టినట్టు పలుకుతారు. ఆగకుండానే నాలుగో భాగం వస్తుంది. యూదుల నాట్యపు బాణీ. మొదట్లో సరదాగా వినిపించి, పోనుపోను పళ్లు బిగపట్టి ఆడుతున్నట్టు మారుతుంది. అదే బాణీని ఆయన 1960లో తన ఎనిమిదో స్ట్రింగ్ క్వార్టెట్‌లో (నాలుగు తీగల వాద్యాల రచనలో) మళ్లీ వాడుకున్నాడు. ఈ భాగం కొంచెం గట్టిగానే ఉంటుంది, గోల అనిపించినా మాకు అభ్యంతరం లేదు.

ఇవి ఏ రాగాలు?

సంగీతం నేర్చుకునే పిల్లల అమ్మానాన్నలు అడిగారు. మేజర్ స్కేలు స్వరాలు ధీరశంకరాభరణానివి. మైనర్‌లో ఒక రకం నఠభైరవికి, ఇంకోటి కీరవాణికి సరిపోతాయి. కానీ ఆ లెక్కతో వింటే నాలుగో నిమిషానికే తికమక పడతారు. ఇక్కడ శ్రుతి ఒకచోట నిలబడదు, షడ్జమం జాగా మార్చుకుంటూ పోతుంది, తంబుర ఉండదు. ఒకేసారి మూడు నాలుగు స్వరాలు కలిసి పలకడం వల్ల కలిగే రుచి మీద వాళ్ల దృష్టి. గమకాలు వెతక్కండి. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సాహిత్యం రాసిన నొట్టుస్వరాలు నేర్చుకున్న పిల్లలుంటే, వాళ్లకు ఈ దారి కొంచెం పరిచయమే.

ఆ వయొలిన్, మన వయొలిన్ ఒకటేనా?

వాద్యం ఒకటే. దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దాన్ని మద్రాసులో ఇంగ్లిష్ వాళ్ల దగ్గర్నుంచి నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారని చెబుతారు. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారి లాంటివాళ్లు దాన్ని మనదే అనిపించేలా చేశారు. మనవాళ్లు కింద కూర్చుని పాదం మీద ఆనించుకుని సపసప అని శ్రుతి చేస్తారు. వాళ్లు గడ్డం కింద పెట్టుకుంటారు, నాలుగు తీగలూ నాలుగు వేర్వేరు స్వరాలకు ఉంటాయి.

తాళం వేసుకుంటూ వినొచ్చా?

మనసులో వేసుకోండి. కాలితో మెల్లగా అయినా ఫర్వాలేదు. తొడ మీద చరిస్తే పక్కవాళ్లకు ఇబ్బంది. కాలప్రమాణం కూడా వాళ్లు కావాలని సాగదీస్తారు, తగ్గిస్తారు, కాబట్టి మీ తాళం ఎక్కడో తప్పుతుంది.

ముందు నిలబడి కర్ర ఊపే మనిషి ఉండడా?

కండక్టర్ ఆర్కెస్ట్రాకు ఉంటారు. ముగ్గురికి అక్కర్లేదు. మొదలుపెట్టే ముందు ఒకరు గట్టిగా ఊపిరి పీలుస్తారు, మిగతా ఇద్దరూ దాన్నే సైగగా అందుకుంటారు. ముందు వరుసల్లో కూర్చుంటే ఆ ఊపిరి వినబడుతుంది కూడా.

పియానో పక్కన ఇంకో మనిషి కూర్చుంటారు. ఆయన పని పేజీలు తిప్పడం. పియానో వాయించేవారి పుస్తకంలో ముగ్గురి భాగాలూ అచ్చయి ఉంటాయి, అందుకే వాళ్లకు పేజీలు ఎక్కువ, చేతులు ఖాళీ ఉండవు. ఈమధ్య ట్యాబ్ పెట్టుకుని కాలితో పెడల్ నొక్కి పేజీ మార్చేవాళ్లూ ఉన్నారు. మా వాళ్లకు కాగితమే నమ్మకం.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

దీని గురించి అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. హైడెన్, బీథోవెన్ రచనల్లో మూడేసి భాగాలు, పార్ట్‌ది ఒకే భాగం, హిగ్డన్‌ది రెండు, షోస్టకోవిచ్‌ది నాలుగు. ఇప్పటి ఆచారం అన్ని భాగాలూ అయ్యాక కొట్టడం. హైడెన్ కాలంలో ఇలాంటి పట్టింపులేవీ లేవు. మొజార్ట్ 1778లో పారిస్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో, తన సింఫొనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన) నడుస్తుండగా మధ్యలోనే జనం చప్పట్లు కొట్టారని సంబరంగా చెప్పుకున్నాడు. కాబట్టి భాగానికీ భాగానికీ మధ్య ఎవరైనా చప్పట్లు కొడితే వెనక్కి తిరిగి ఉరిమి చూడకండి. షోస్టకోవిచ్ ఆఖర్న మాత్రం శబ్దం సన్నబడుతూ పోతుంది. వాళ్లు చేతులు కిందికి దించేదాకా ఆగండి.

ముఖ్య అతిథి ఎవరు?

ఎవరూ లేరు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, ఉపన్యాసాలు లేవు. పిలవలేదని కొందరు పెద్దలు నొచ్చుకున్నారని తెలిసింది. వాళ్లకు కుర్చీ ఉంది, మైకే లేదు.

పియానో ఎక్కడి నుంచి తెస్తున్నారు?

హైదరాబాద్ నుంచి అద్దెకు, డీసీఎంలో. కచేరీకి రెండు రోజుల ముందే తెస్తున్నాం. చిన్నపాటి గ్రాండ్ పియానో కూడా దాదాపు 300 కిలోలు ఉంటుంది. కాళ్లూ పెడళ్లూ ఊడదీసి, దుప్పట్లు చుట్టి, పక్కకు నిలబెట్టి ఎక్కిస్తారు. జడ్చర్ల దాటాక రోడ్డు మలుపుల్లో జరక్కుండా బెల్టులు బిగిస్తారు.

దిగాక కనీసం ఒక రోజు దాన్ని అలా వదిలేయాలి. కొత్త చోటి చలికి, తేమకు చెక్క సర్దుకుంటుంది, శ్రుతి జారుతుంది. ఆ తర్వాతే ట్యూనర్ పని. చూడాలనుకునేవాళ్లు ఆదివారం ఉదయం రావచ్చు, కానీ మాట్లాడకూడదు. 88 మెట్లు ఉన్నా తీగలు 200 పైనే, ఎందుకంటే చాలా స్వరాలకు మూడేసి తీగలు. ట్యూనర్ రెండు తీగల్ని ఫెల్టు ముక్కతో నొక్కిపెట్టి ఒక్కదాన్నే మోగిస్తాడు, ఇనుప మేకును తాళంచెవి లాంటి పనిముట్టుతో వెంట్రుకవాసి తిప్పుతాడు. తర్వాత రెండో తీగను వదులుతాడు. రెండూ కలవనప్పుడు శబ్దం వాఁవ్ వాఁవ్ అని అలలు అలలుగా వస్తుంది. మేకు తిరిగేకొద్దీ అలలు నెమ్మదించి, ఒకచోట ఆగిపోతాయి. అప్పుడు తర్వాతి తీగ. ఇలా మొత్తం పూర్తవడానికి రెండు గంటల దాకా పడుతుంది. ఈ ఒక్క పని చూడ్డం కోసమైనా సంగీతం పిల్లల్ని పంపండి అంటాను.

కీబోర్డ్ పెడితే సరిపోయేది కదా, ఇంత ఖర్చెందుకు?

చర్చిలో కీబోర్డ్ వాయించే కుర్రాళ్లు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. కీబోర్డ్‌కు స్పీకర్ కావాలి, అంటే మళ్లీ బాక్సుల దగ్గరికే వచ్చాం. పియానోలో మెట్టు నొక్కితే ఫెల్టు చుట్టిన చెక్క సుత్తి వెళ్లి తీగను కొడుతుంది. వయొలిన్, చెల్లోలతో అది కలిసేది ఒకే గాలిలో, ఒకే హాలులో. ఆ కలయిక కోసమే ఈ ఖర్చు.

ఎంతసేపు? రాత్రి బస్సు దొరుకుతుందా?

సంగీతం గంటన్నర, విరామం 20 నిమిషాలు. 8 గంటలకల్లా బయటపడతారు. నారాయణపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వెళ్లేవాళ్లు ముందే డిపోలో కనుక్కోండి.

ఆలస్యంగా వస్తే లోపలికి పంపిస్తారా?

6 అంటే 6. రచన నడుస్తుండగా తలుపు తీయం. అది అయ్యాక పంపిస్తాం. మన టైమింగుల సంగతి తెలిసే ఇంత గట్టిగా రాశాం.

పిల్లల్ని తీసుకురావచ్చా? వీడియో తీసుకోవచ్చా?

పిల్లల్ని తప్పకుండా తీసుకురండి. ఏడిస్తే బయటికి తీసుకెళ్లేలా తలుపు పక్కన కూర్చోండి, అంతే. చిప్స్ ప్యాకెట్లు వద్దు, ఆ కవరు చప్పుడు మైకు లేని హాల్లో బాంబులా పేలుతుంది. వీడియో వద్దు. ఆఖర్న వాళ్లు నిలబడి దండం పెట్టేటప్పుడు తీసుకోండి. ఫోన్ వైబ్రేషన్‌లో కాదు, పూర్తిగా ఆఫ్ చేయండి.

టికెట్ ఎంత?

టికెట్ లేదు. పాసులు ఉన్నాయి, 150 అయిపోతే ఇక లేవు. గుమ్మం దగ్గర ఒక డబ్బా ఉంటుంది, పియానో అద్దెకు మీకు తోచినంత వేయండి.

విరామంలో తినడానికి ఏమైనా ఉంటుందా?

బయట చెట్టు కింద చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, మిర్చి బజ్జీలు.

కచేరీ అయ్యాక పియానో ముట్టుకోనిస్తారా?

అరగంట సేపు ముట్టుకోనిస్తాం, ఆ తర్వాత డీసీఎం ఎక్కించాలి. పిల్లలు ముందు, పెద్దవాళ్లు తర్వాత, ఒక్కొక్కరికి ఒక నిమిషం. బజ్జీలు తిన్న చేతులు కడుక్కుని రండి, నల్లా హాలు వెనకాల ఉంది.